రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు

నాకు ఆలస్యమంటే ఒళ్లు మంట. ముప్పై నాలుగేళ్లు బళ్లో పనిచేశాను, అందులో పదకొండేళ్లు హెడ్మిస్ట్రెస్‌ని. తాడేపల్లిగూడెంలో నా దగ్గర చదువుకున్నవాళ్లను ఎవరినైనా అడగండి, జీవరత్నం టీచరు గేటు దగ్గర నిలబడిందంటే వాచ్‌మన్ కూడా చొక్కా గుండీలు సర్దుకునేవాడని చెబుతారు. పెళ్లికి పిలిస్తే శుభలేఖలో వేసిన టైముకే వెళ్లి, ఖాళీ కుర్చీల మధ్య ఒక్కదాన్నే కూర్చుని, పెళ్లివారికి చివాట్లు పెట్టి వచ్చిన సందర్భాలున్నాయి. దానికి నేనేమీ సిగ్గుపడలేదు.

మా ఆయన పాపారావు గారు ఇందుకు పూర్తిగా తిరగేసిన మనిషి. కొల్లేటి లంకలో పుట్టారు. గూడెం మార్కెట్ యార్డులో గుమాస్తాగా చేసి, నాకంటే మూడేళ్ల ముందు రిటైరయ్యారు. కంచం ముందు కూర్చుని కిటికీలోంచి మబ్బు చూస్తూ చెయ్యి ఎండబెట్టుకునే రకం. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనేవారు. ఉండేది, నన్ను ఏడిపించడానికి మాత్రమే బయటికి తీసేవారు. "టీచరుగారండీ, కాస్త ఊపిరి పీల్చుకోవాలి, బెల్లు కొడతారా?" అనేవారు. నాకు ఒళ్లు మండేది, ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయేవారు.

2006 జూన్ ముప్పయ్యో తారీఖున నేను రిటైరయ్యాను. దండలూ శాలువాలూ కన్నీళ్లూ అన్నీ అనుకున్న టైముకే ముగించాను. మర్నాడు నిద్ర లేచేసరికి నా ముందు ఇరవై నాలుగు గంటలున్నాయి, ఒక్కదానికీ పని లేదు. నిజం చెప్పొద్దూ, భయం వేసింది. నడివేసవిలో బడి వరండా ఎలా ఉంటుందో ఆ రోజంతా అలా ఉంది.

ఊరికే కూర్చునే రక్తం కాదు నాది. చార్టు కాగితం తీసి, స్కేలు పెట్టి గళ్లు గీశాను. మొదట దేవుడి గడి. జీతం వచ్చినన్నాళ్లూ పదో వంతు ముందు తీసి పక్కన పెట్టాకే ఉప్పూ పప్పూ కొన్నదాన్ని. మా చర్చి సంఘంలో పుట్టి పెరిగినవాళ్లకు అది స్నానం చేసి గుడికి వెళ్లినంత మామూలు సంగతి. ఇప్పుడు నాకున్న రాబడి కాలమే కదా, దానిలో మాత్రం దశమభాగం ఎందుకివ్వకూడదు? ఇరవై నాలుగు గంటల్లో పదో వంతు, రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. పొద్దున అయిదు నుంచి ఆరూ పన్నెండు వరకు సగం. సాయంత్రం అయిదుంపావు నుంచి ఆరూ ఇరవై ఏడు వరకు మిగతా సగం. వెనక గదిలో చాప, దీపం, అలారం గడియారం పెట్టుకుని తలుపు గడియ వేసుకునేదాన్ని. నిమిషం తక్కువ కాదు, ఎక్కువ కాదు.

ఈ సంగతి మా పాస్టరు గారికి తెలిసి ఆదివారం ఆరాధనలో మెచ్చుకున్నారు. అక్కణ్నుంచి ఏలూరు దాకా పాకింది. మహిళా సదస్సు కార్యదర్శి క్రిస్టినా గారు ఫోన్ చేసి, "డిసెంబరు తొమ్మిదో తారీఖు రెండో శనివారమండీ, మూడు వందల మంది వస్తారు. విశ్వాసి సమయాన్ని ఎలా వాడుకోవాలో మీరే చెప్పాలి. పది గంటలకి మొదలండీ" అన్నారు. పదంటే పదికే మొదలుపెడతారా అని అడిగి, గట్టిగా అవునన్నాకే ఒప్పుకున్నాను. ఆ రోజు కాళ్లు నేల మీద ఆనలేదు.

ఇక ఆయన కళ్ల సంగతి చెప్పాలి. రెండేళ్ల క్రితమే గ్లకోమా, నీటికాసులన్నారు. చుక్కలు వేసుకుంటున్నారు. జూలైలో ఏలూరు కళ్ల డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. డాక్టరు చాలాసేపు లైటు వేసి చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుని, "పోయిన చూపు రాదండీ. ఉన్నది నిలబెట్టడానికే ఈ మందులు. ఎన్నాళ్లుంటుందంటే చెప్పలేను. చూడాలనుకున్నవి చూసెయ్యండి" అన్నాడు. ఆ చివరి మాట నాకు తలాతోకా లేనిదిగా తోచింది. ఆయన మాత్రం ఇంటి పెద్ద చెప్పిన మాట విన్నట్టు తలూపారు.

తిరిగి వచ్చేటప్పుడు ప్యాసింజరు రైలు భీమడోలులో ఆగింది. ఆయన దక్షిణం వైపు కిటికీ దగ్గర కూర్చున్నారు. అటే కొల్లేరు. "రత్నం, ఈ ఎండాకాలం గవర్నమెంటోళ్లు చేపల చెరువుల గట్లన్నీ కొట్టేశారు కదా. వానలకి నీళ్లన్నీ ఏకమైపోయాయంట. లంక నుంచి మా చిన్నాన్న కొడుకు విశ్వాసం ఫోన్ చేశాడు. నా చిన్నప్పుడెలా ఉండేదో మళ్లీ అలాగే ఉందంట. నువ్వు మా ఊరు చావులకే వచ్చావు, నాలుగింటి బస్సుకి వెళ్లిపోయావు. ఒక్కసారి నిన్ను దోనెలో కూర్చోబెట్టి తెల్లవారుజామున గూడబాతుల్ని చూపించాలి. నేను చూస్తుండగా నువ్వు చూడాలి" అన్నారు.

ముప్పై మూడేళ్ల కాపురంలో ఆయన నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. "అలాగే వెళ్దామండీ" అన్నాను. అనడానికేం, అన్నాను.

ఆగస్టులో సంఘం వార్షికోత్సవం వచ్చింది. సెప్టెంబరులో సండే స్కూలు పరీక్షలు. అక్టోబరులో కోత పండుగ, ఎవరు గుమ్మడికాయ తెచ్చారో ఎవరు కోడిని తెచ్చారో రాసుకోవడానికి నేను లేకపోతే అవదు. పైగా లంకలో తెల్లవారుజాము అంటే దేవుడి గడిలో చెయ్యి పెట్టడమే. మొక్కిన దానిలోంచి చిటికెడు తీసి వాడుకుంటామా? ఆయనకదే చెప్పాను. "నిజమే" అన్నారు. ఆ మనిషి ఎదురు చెప్పి ఉంటే పోట్లాడి అయినా ఒక దారికి వచ్చేవాళ్లం.

ఇంకోటుంది. మధ్యాహ్నం ఎండలో ఆయన కళ్లు మండేవి. దీపాలు పెట్టాక ఏమీ ఆనేది కాదు. మెత్తటి వెలుగుండే పొద్దునా సాయంత్రమే ఆయనకు మిగిలిన చూపు. ఆ రెండు వేళలూ డాబా ఎక్కి కూర్చునేవారు. రైస్ మిల్లుల గొట్టాల మీదుగా కొంగలు బారులు తీరి పోతుంటే, "రత్నం, ఒక్కసారి పైకి రావోయ్, ఆకాశం చూద్దువుగాని" అని పిలిచేవారు. సరిగ్గా ఆ రెండు వేళల్లోనే నేను గడియ వేసుకుని లోపలుండేదాన్ని. కాసేపటికి మెట్లు దిగి వచ్చి తలుపు అవతల నిలబడేవారు. ఆయన చెప్పుల చప్పుడు నాకు వినబడేది. తట్టేవారు కాదు. ఇది శోధన, పలకకూడదు అని కళ్లు ఇంకా గట్టిగా మూసుకునేదాన్ని.

లోపల నేను చేసిందేమిటో ఇప్పుడు దాచిపెట్టి లాభం లేదు. ఆ డెబ్బై రెండు నిమిషాల్లో ప్రార్థన ఇరవై నిమిషాలు, వాక్యం ఇరవై. మిగతాదంతా మెలకువా నిద్రా కాని ఒక స్థితి. గోడలు నెమ్మదిగా పల్చబడేవి. తలుపు కింద నుంచి నీళ్లు చప్పుడు లేకుండా లోపలికొచ్చి చాప చుట్టూ తిరిగేవి. చాప తేలేది. దానితో పాటు నేనూ తేలేదాన్ని. ఎక్కడో దూరంగా నన్నెవరో పిలుస్తున్నట్టుండేది, ఆ గొంతు దేవుడిదే అనుకునేదాన్ని. అలారం మోగగానే నీళ్లన్నీ ఎటు పోయేవో పోయేవి. చీర కుచ్చిళ్లు సర్దుకుని బయటికొచ్చి, రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలూ ఇచ్చేశానని తృప్తిపడేదాన్ని.

నవంబరు రెండో వారంలో చెకప్‌కి నేను వెళ్లలేదు. సదస్సు ప్రసంగం రాసుకుంటున్నాను. పక్కింటి ప్రసాదరావు గారు తోడు వెళ్లారు. "డాక్టరేమన్నాడండీ?" అంటే, "ఏముంది, చుక్కలు మానొద్దన్నాడు" అన్నారు. నేను మళ్లీ కాగితాల్లో తల దూర్చాను. ఆ తర్వాత ఆయన పేపరు చదవడం మానేశారు. అచ్చు బాగోటంలేదన్నారు. డాబా ఎక్కడమూ మానేశారు. మోకాళ్లన్నారు. ఆయన సాకులు చెప్పడం మొదలుపెడితే నేను గమనించాలి కదా? నలభై మంది పిల్లల్లో ఎవడు హోంవర్కు చెయ్యలేదో మొహం చూసి పట్టేసినదాన్ని.

ఒక ఉదయం టీ గ్లాసు అందుకోబోయి తన్నేశారు. టీ అంతా నా ప్రసంగం కాగితాల మీద పడింది. "కళ్లెక్కడ పెట్టుకున్నారండీ?" అని అరిచాను.

"ఇక్కడే ఎక్కడో పెట్టాను టీచరుగారూ, దొరకడంలేదు" అని నవ్వి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. నేను కాగితాలు ఆరబెట్టుకుంటూ కూర్చున్నాను.

వసారాలో మంచం మీద మా అత్తగారు అచ్చమ్మ ఉన్నారు. ఎనభై మూడేళ్లు. అక్షరం ముక్క రాదు, కానీ చెవిన పడిన వాక్యం ఒక్కటీ మరిచిపోలేదు. "అమ్మాయ్, ఇలా రా" అన్నారు. వెళ్లాను.

"వెనకటికి కొంతమంది ఉండేవాళ్లంట. కన్నవాళ్లు ఆకలేసి చెయ్యి చాపితే, ఇదంతా దేవుడికి ఇచ్చేశాం, మీకివ్వడానికి మా దగ్గరేం మిగల్లేదు అనేవాళ్లంట. ఆ మాటకి ప్రభువు మెచ్చుకున్నాడా, కోప్పడ్డాడా?"

"కోప్పడ్డారండీ" అన్నాను. సండే స్కూల్లో ఇరవై ఏళ్లుగా నేనే చెబుతున్న పాఠమది.

"మరి నువ్వు చేసేదేంటి? వాడికి కాస్త వెలుతురుండే పూట రెండే. వెతికి వెతికి ఆ రెండూ తీసుకెళ్లి దేవుడికి కట్టబెట్టావు. ఆయన అడిగాడా నిన్ను? ఆయనకి మధ్యాహ్నం పూట కుదరదా?"

నాకు చర్రున కోపమొచ్చింది. పెద్దావిడ కాబట్టి సరిపోయింది. "మీకు తెలియదులెండి అత్తయ్యా" అనేసి లోపలికొచ్చాను. మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం అయిదుంపావుకి గడియ వేసుకుని చాప మీద కూర్చున్నాను. ఆ రోజు గోడలు పల్చబడలేదు, నీళ్లు రాలేదు. గోడలు గోడల్లాగే ఉన్నాయి, వాటి మధ్య నేనొక్కదాన్నే ఉన్నాను. ముసలావిడ చెప్పినదానికి సమాధానం వెతుకుతూ ఆరూ ఇరవై ఏడు వరకు కూర్చున్నాను.

బయటికొచ్చి ఆయనతో, "ఏవండీ, సదస్సుకి ఎలాగూ ఏలూరు వెళ్లాలి. ముందురోజు లంకలో ఉండి, పొద్దున్నే దోనెక్కుదాం. ఆరు నుంచి ఏడూ పన్నెండు వరకు. తర్వాత కారులో ఏలూరు వెళ్లిపోతే తొమ్మిదికల్లా అక్కడుంటాను" అన్నాను. చూశారా, అప్పుడు కూడా డెబ్బై రెండు నిమిషాలే కొలిచి ఇచ్చాను. దేవుడి ఉదయపు వాటా తీసి మొగుడికిచ్చి చాలా త్యాగం చేశాననుకున్నాను.

ఆయన మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. "ఇప్పుడా?" అన్నారు. వెంటనే, "వెళ్దాం, వెళ్దాం. నీకు చూపించాలి కదా" అన్నారు.

ఎనిమిదో తారీఖు మధ్యాహ్నం టాక్సీ మాట్లాడుకుని భీమవరం మీదుగా బయల్దేరాం. దారి పొడుగునా నేను ప్రసంగం వల్లె వేసుకుంటున్నాను. ఆయన కిటికీ అద్దం దించి మొహం గాలికి పెట్టారు. "ఏ ఊరిది?" అంటే ఉండి అని చెప్పాను. "కోతలైపోయినట్టున్నాయి, కొత్త గడ్డి వాసనొస్తోంది" అన్నారు. కైకలూరులో "ఐస్ కొడుతున్నారు, విను" అన్నారు. రంపపు పొట్టు వాసన, చేపల వాసన అన్నీ చెబుతూ వచ్చారు. ఒక్క రంగు గురించి గానీ ఆకారం గురించి గానీ చెప్పలేదు. నేను ప్రసంగంలో మూడో పాయింటు దగ్గరున్నాను.

రాత్రికి ఆయన పినతండ్రి కొడుకు విశ్వాసం ఇంట్లో పడుకున్నాం. పొద్దున ఆరింటికి చెప్పినట్టే రేవులో ఉన్నాం. దోనె నడిపే వీర్రాజు అప్పటికే వచ్చి ఉన్నాడు. టైముకి వచ్చినందుకు వాడి మీద నాకు గౌరవం కలిగింది. "ఆయ్, రండి బాబుగారూ, కాలిలా పెట్టండి, ఆఁ, ఇక్కడ" అంటూ ఆయన్ను చెయ్యి పట్టి ఎక్కించాడు. ముందు ఆయన, మధ్యలో నేను, వెనక గెడ పట్టుకుని వీర్రాజు. నేను ఒళ్లో ప్రసంగం కాగితాలు పెట్టుకున్నాను.

దోనె కదిలింది. అంత మంచు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. రేవు పోయింది, లంక పోయింది, చర్చి శిలువ పోయింది. నీళ్లెక్కడ ఆగాయో మంచెక్కడ మొదలైందో తెలియడం లేదు. కిందా పైనా ఒకటే తెలుపు. గెడ దింపిన చప్పుడు, తీసిన చప్పుడు, ఎక్కడో నీటికోడి ఒక్క కూత. ముందుకు పోతున్నామో నిలబడ్డామో నాకు బోధపడలేదు. చాలా ఏళ్ల తర్వాత మొదటిసారి టైమెంతయిందో నాకు తెలియలేదు. చేతి మీద గడియారం ఉంది, చూడబుద్ధి కాలేదు.

అంతలో ఆయన చెయ్యెత్తి కుడివైపు చూపించారు.

"అదిగో రత్నం! చూడు, గూడబాతులు. బారు చూడు ఎంత పొడుగుందో. ఆ ముందుది చూశావా, మెడ వెనక్కి పెట్టుకుని ఎలా పోతోందో? రెక్కలు ఆడించదు, ఊరికే అలా తేలిపోతుంది. అటు చూడు, కిక్కిస పొదల అవతల, నీళ్ల మీద ఎర్రటి వెలుగు పడుతోంది. ఇదే నేను చెప్పింది. చూశావా?"

నేను చూశాను. చేరెడు కళ్లు చేసుకుని చూశాను. ఆయన వేలు తప్ప ఏమీ కనబడలేదు. నా కళ్లకే ఏదో వచ్చిందనుకుని అద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నాను.

వెనక నుంచి వీర్రాజు నవ్వాడు. "ఎక్కడండీ బాబుగారూ గూడబాతులు! మంచు గోడ కట్టేసింది కదండీ. నా గెడ కొస నాకే ఆనట్లేదు, మీకెలా కనబడతాయండీ?"

ఆయన చెయ్యి గాలిలో అలాగే ఆగిపోయింది.

"మంచా?" అన్నారు మెల్లగా.

ఆ ఒక్క మాటతో టీ గ్లాసు, పేపరు, డాబా, గోడ పట్టుకుని నడిచిన నడక, అన్నీ వరస కట్టి నా ముందు నిలబడ్డాయి. వీర్రాజు కూడా గెడ వెయ్యడం ఆపేశాడు. నేను లేచి, దోనె ఊగుతున్నా సరే, వెళ్లి ఆయన పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. కాగితాలు ఎక్కడ పడ్డాయో చూసుకోలేదు.

"ఎప్పట్నుంచండీ?"

"డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన వారం. అంతకు ముందు నుంచే సన్నగిల్లుతోందిలే. ఒకరోజు లేచేసరికి ఇంకా తెల్లవారలేదనుకున్నాను. తీరా వింటే అమ్మ కాఫీ తాగుతోంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చాను. గడియ వేసి ఉంది" అన్నారు. ఆ తర్వాత నా ఏడుపు వినబడిందేమో, నా భుజం తడుముతూ, "అది కాదు రత్నం. చెబితే మీటింగు మానేస్తావు. మానేసి, అది గుర్తొచ్చినప్పుడల్లా నన్ను తిడతావు. నాకెందుకొచ్చిన గొడవ? చూపించాల్సింది నీకు కదా, నాకు దారీ తెన్నూ అంతా బుర్రలో ఉంది, నడిపించేద్దాం అనుకున్నాను. మధ్యలో ఈ మంచు ఉంటుందని ఎవరికి తెలుసు?" అన్నారు. నవ్వుతూనే అన్నారు మహానుభావుడు.

నేను ఏడ్చాను. బళ్లో గానీ ఇంట్లో గానీ పదిమంది ముందు ఏనాడూ ఏడవనిదాన్ని, పరాయివాడు చూస్తున్నాడనైనా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాను. జూలై నుంచి నవంబరు దాకా నూట ముప్పై పొద్దుటి పూటలు, నూట ముప్పై సాయంత్రాలు. ఆయన తలుపు అవతల నిలబడ్డారు, నేను ఇవతల కునికిపాట్లు పడుతూ అది దేవుడి ఖాతాలో వేశాను. దేవుడు చెప్పుల చప్పుడు చేసుకుంటూ తలుపు దగ్గరికొస్తే, శోధన అనుకుని పంపించేశాను. క్షమించమని ఆయన్నడగాలో పైనున్నాయన్నడగాలో తెలియక ఇద్దరినీ కలిపి అడిగాను.

ఎంతసేపలా ఉన్నామో. మంచు పైనుంచి మెల్లగా విడిపోయింది. ముందు ఒక చోట నీలంగా చిరుగు పడింది. తర్వాత కిక్కిస పొదల కొసలు తేలాయి, కింద మొదళ్లు ఇంకా లేవు. ఆ పైన అవి వచ్చాయి.

"ఏవండీ, వచ్చాయండీ! గూడబాతులు. నిజంగానే. ఒక అరవై, కాదు, డెబ్బై ఉంటాయి."

"తలలు లెక్కపెట్టడానికి అదేం మీ బళ్లో అసెంబ్లీ కాదు" అన్నారు. "ఎలా ఉన్నాయో చెప్పు."

ఎలా ఉన్నాయో ఎలా చెప్పాలి? నాకెప్పుడూ చూడటం రాలేదు. అయినా మొదలుపెట్టాను. ముందుది రెక్క రెండుసార్లు కొట్టి ఆపితే వెనకున్నవన్నీ వరసగా కొట్టి ఆపుతున్నాయండీ. పొట్ట కింద సంచి గులాబీ రంగుగా, కాదు కాదు, పొట్ట కాదు ముక్కు కింద. నీళ్ల మీద దిగేటప్పుడు కాళ్లు ముందుకు చాపి జారుతున్నాయి, జారుడుబల్ల మీద పిల్లల్లాగ. ఒకటి దిగి, తిరిగి చూసుకుని, ఇంకోదాని కోసం ఆగింది. నీళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి, మధ్యలో గుర్రపుడెక్క పువ్వులు ఊదా రంగు. వీర్రాజు మొహం మీద కూడా ఎండ పడింది.

ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు. "ఆఁ" అనేవారు. "ఆ ఆగినది వెళ్లిందా?" అని అడిగారు. "లేదండీ, ఆగే ఉంది" అన్నాను. "ఉండనీ" అన్నారు. చెబుతూ ఉంటే మాటలు వాటంతటవే వచ్చాయి. నా జీవితంలో నేను చేసిన ప్రార్థనల్లో అదొక్కటి సరిగ్గా కుదిరిందనుకుంటాను.

వేడెక్కింది. ఆయన కప్పుకున్న శాలువా తీసి మడత పెట్టి ఒళ్లో పెట్టుకున్నారు. నా వీపు చుర్రుమంటోంది. గట్టు మీద మా టాక్సీవాడు హారను కొడుతున్నాడు. చూస్తే ఎనిమిదిన్నర దాటింది. ఏలూరులో మూడు వందల మంది ఆడవాళ్లు తలలు దువ్వుకుని, పిల్లలకు అన్నాలు పెట్టి, బస్సులెక్కి నా మాట వినడానికి వస్తున్నారు. వాళ్ల టైము వృథా చెయ్యడం తప్పే. క్రిస్టినా గారు ఆ తర్వాత ఏడాది పాటు నాతో మాట్లాడలేదు, ఆవిడ కోపంలో న్యాయముంది.

హారను ఆయనా విన్నారు. "రత్నం, టైమెంతయింది? నీకు మీటింగు ఉంది కదా" అన్నారు.

వీర్రాజు చెప్పబోయాడు. ముప్పై నాలుగేళ్లు క్లాసురూమును ఆపిన చూపొకటి ఉంది నాకు, అది వాడి మీద వేశాను. నోరు మూసుకున్నాడు.

"ఇంకా ఏడు కూడా కాలేదండీ" అన్నాను. "బోలెడంత టైముంది."

ఎండ ఆయన నుదుటి మీద సూటిగా పడుతోంది, చెంపల పక్క నుంచి చెమట కారుతోంది. కాసేపు ఆ ఎండకేసి మొహం ఎత్తి అలాగే కూర్చున్నారు. తర్వాత ఒళ్లో ఉన్న శాలువా తడుముకుని తీసి, మడత విప్పి, మళ్లీ భుజాల చుట్టూ కప్పుకున్నారు.

"అవునోయ్, అందుకే ఇంకా చలి తగ్గలేదు" అన్నారు.